ఒకే పేరుకు రెండు ప్యాకేజీలు పోటీపడినప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ప్యాకేజీలోని కమాండ్ పేరుతోనే డెబియన్ లినక్స్‌లో మరో ప్యాకేజీ ముందునుంచీ ఉందని, ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైలులో ‘కాన్‌ఫ్లిక్ట్స్’ (ఫలానా ప్యాకేజీతో కలిసి ఉండలేదు) అని ఒక వరుస చేరిస్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోదు. ఆ వరుస చేరిస్తే ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ ప్రోగ్రాము అప్పుడు చూపించే లోపం కనబడకుండా పోతుంది గాని, రెండు ప్రోగ్రాములూ కావలసినవాడికి ఒక్కటే దక్కుతుంది. వేర్వేరు పనులు చేసే ప్రోగ్రాములు ఒకే ఫైలు పేరుతో రాకూడదని డెబియన్ పాలసీ నిర్దేశిస్తుంది. ఇద్దరిలో ఒకరు పేరు మార్చుకోవాలి, ఎవరన్నది డెవలపర్ల మధ్య తేలకపోతే ఇద్దరూ మార్చుకోవాలి. ఈ రెండో మాట కొంచెం కఠినంగానే కనిపిస్తుంది, కానీ పంతాలను తగ్గించడానికి అంతకంటే మంచి మందు నాకు తెలియదు.

ఒకే పని చేసే ప్రోగ్రాముల్లో ఒకదాన్ని ఉమ్మడి పేరుకు కట్టే ‘అప్‌డేట్ ఆల్టర్నేటివ్స్’ కూడా ఇక్కడ పనికిరాదు. విమ్, నానో రెండూ ఎడిటర్లే కనుక ‘ఎడిటర్’ అన్న ఒకే పేరు కింద ఇమిడాయి. పనులే వేరైనప్పుడు ఆ పద్ధతి వాడితే, ఒకే స్క్రిప్టు ఒక యంత్రంలో ఒకలా, ఇంకో యంత్రంలో మరోలా నడుస్తుంది.

నోడ్ వివాదం నీవు తప్పక తెలుసుకోవాలి. హామ్ రేడియోవారి ప్యాకెట్ రేడియో ప్రోగ్రాము ఒకటి ‘నోడ్’ అన్న పేరుతో, నిర్వాహకుడి కమాండ్లుండే ఎస్‌బిన్ డైరెక్టరీలో ఎప్పటినుంచో ఉండేది. జావాస్క్రిప్టును నడిపే నోడ్ జేఎస్ తరువాత వచ్చి, అదే పేరును అందరి కమాండ్లుండే బిన్ డైరెక్టరీలో కోరింది. ముందు వచ్చినవారి హక్కు ఒకవైపు, తమను నడిపే ప్రోగ్రాముగా ‘నోడ్’ అన్న పేరునే మొదటి వరుసలో పెట్టుకున్న అసంఖ్యాకమైన స్క్రిప్టులు మరొకవైపు నిలవడంతో విషయం డెబియన్ సాంకేతిక కమిటీ దాకా వెళ్లింది. 2012లో తీర్పు వచ్చింది: రేడియో ప్రోగ్రాము ‘ఏఎక్స్25-నోడ్’ అయింది, నోడ్ జేఎస్ కమాండ్ ‘నోడ్‌జేఎస్’ అయింది, పాత పేరు కావలసినవారికోసం ‘నోడ్‌జేఎస్-లెగసీ’ అని సిమ్‌లింక్ (మరో ఫైలుకు దారిచూపే పేరు) మాత్రమే ఉన్న చిన్న ప్యాకేజీ పుట్టింది. న్యాయం జరిగింది గాని, ఇతర చోట్ల రాసిన స్క్రిప్టులు డెబియన్‌లో నడవక వాడుకరులు విసిగిపోయారు. చివరకు 2017లో కమిటీ ఆ నిర్ణయాన్ని రద్దుచేసి, నోడ్ జేఎస్‌కు ‘నోడ్’ పేరు వాడుకునే వీలు కల్పించింది. ఎవరు ముందు వచ్చారన్న దానితో పాటు, ఆ పేరును ఎన్ని స్క్రిప్టులు నమ్ముకున్నాయన్నది కూడా తూచాలని నేను అనుకోవడానికి కారణం ఇదే.

డైరెక్టరీ వేరు కదా అని నిశ్చింతగా ఉండకు. కమాండ్లను వెదికే డైరెక్టరీల జాబితా అయిన పాత్‌లో ఆ రెండూ ఉన్న రూట్ (నిర్వాహక) వాడుకరికి, ఏది ముందుంటే ఆ ప్రోగ్రామే నడుస్తుంది. పైగా మరో లినక్స్ అయిన ఫెడోరా 42లో ఎస్‌బిన్‌ను బిన్‌లోనే కలిపేశారు. అందువల్ల నీ యంత్రంలో ఉన్నవాటినే చూపించే ‘డీపీకేజీ -ఎస్’తో (పెద్ద అక్షరం ఎస్) ఆగిపోకుండా, ‘ఏపీటీ-ఫైల్’తో డెబియన్ ఆర్కైవ్ మొత్తం, రెండు డైరెక్టరీల్లోనూ వెదుకు.

పేరు మార్చక తప్పనప్పుడు అసలు పేరు గుర్తుకు వచ్చేలా మార్చాలి. బ్యాకప్ వ్యవస్థ అయిన బకులా నిర్వహణ పరికరం ‘బ్యాట్’ పేరును ముందే తీసుకున్నందున, ఫైళ్లను రంగుల్లో చూపించే ‘బ్యాట్’ డెబియన్‌లో ‘బ్యాట్‌క్యాట్’ అయింది. ఫైళ్లను వెదికే ‘ఎఫ్‌డీ’ కూడా ఇలాగే ‘ఎఫ్‌డీఫైండ్’ అయింది. పాత పేరే కావాలనుకున్నవారు తమ హోమ్‌లోని బిన్‌లో సిమ్‌లింక్ పెట్టుకోవచ్చు. ఆ సంగతి ప్యాకేజీలోని రీడ్‌మీలో రాయి. మాన్ పేజీ (కమాండ్ వివరణ), టైపు చేస్తుండగా కమాండును పూరించే షెల్ కంప్లీషన్ ఫైలు కూడా కొత్త పేరుకు మార్చు. చాలామంది మరిచిపోయేది అక్కడే. అవతలి ప్యాకేజీ పేరు వదులుకుంటే మాత్రం, దాని పాత వెర్షన్లకు మాత్రమే వర్తించేలా నీ కంట్రోల్ ఫైలులో ‘బ్రేక్స్’ (వాటితో కలిసి పనిచేయదు), ‘రీప్లేసెస్’ (వాటి ఫైళ్ల స్థానం తీసుకోవచ్చు) రెండూ పెట్టు.

వీటన్నిటికంటే ముందు, అసలు ప్రోగ్రాము రాసినవారికి ఉత్తరం రాసి, మారిన పేరును వారే స్వీకరిస్తారేమో అడుగు. వారు ఒప్పుకుంటే అన్ని డిస్ట్రిబ్యూషన్లలోనూ ఒకే పేరు ఉంటుంది. వారి జవాబు వచ్చాక నాకు పంపు.