నాలుగు రోజుల ఆలస్యానికి పావు వంతు కోయొచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. కారు కొని నాలుగేళ్ల మూడు నెలలైంది, 1,497 సీసీ. మామూలు ప్యాకేజీ పాలసీ (థర్డ్ పార్టీతో పాటు సొంత కారు నష్టానికీ వర్తించేది), జీరో డెప్ (పాతబడిన భాగాలకు తరుగు కోయని అదనపు కవర్) తీసుకోలేదు. పోయిన నెల హైదరాబాద్ నుంచి వస్తూ సూర్యాపేట దగ్గర డివైడర్‌ను గుద్దాను. పక్క సీట్లో ఉన్న మా ఆవిడకు మణికట్టు విరిగి ఆపరేషన్ అయింది. ఆస్పత్రి హడావుడిలో బీమా కంపెనీకి నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేశాను. రిపేరు బిల్లు 1,82,000 అయితే 97,875 ఇస్తామంటున్నారు. ఆలస్యమైంది కాబట్టి ‘నాన్ స్టాండర్డ్’ (షరతు తప్పిన క్లెయిమ్‌కు కొంత కోసి ఇవ్వడం) అట. ఆ సొమ్ముతో క్లెయిమ్ తీరిపోయిందనే వోచర్ మీద సంతకం పెట్టమని ఏజెంటు రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ సంతకం ఆపండి. మీరు పంపిన బిల్లునూ సర్వేయర్ (కంపెనీ తరఫున నష్టం అంచనా వేసే వ్యక్తి) షీటునూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ డబ్బు రెండు చోట్ల తెగింది. మొదటి కోత సక్రమమే, దాని జోలికి వెళ్లకండి.

మీ బిల్లులో ఇనుప భాగాలు 80,000. నాలుగేళ్లు దాటి ఐదేళ్లు నిండని బండికి వాటి మీద తరుగు 35 శాతం, అంటే 28,000. బంపర్లు, గ్రిల్ లాంటి ప్లాస్టిక్ సామాను 40,000. వాటికి బండి వయసుతో పని లేదు, సగం పోతుంది: 20,000. పెయింటింగ్ 20,000లో పావు వంతును రంగు ఖర్చుగా లెక్కగట్టి అందులో సగం తీస్తారు: 2,500. అద్దాలకూ (12,000) లేబర్‌కూ (30,000) తరుగు లేదు. 1,500 సీసీ లోపు కారుకు మీరు తప్పనిసరిగా భరించాల్సింది 1,000. ఇవన్నీ పోను 1,30,500 రావాలి. జీరో డెప్ ఉండి ఉంటే తరుగు కింద పోయిన 50,500లో చాలా భాగం మిగిలేది. రెన్యువల్‌లో ఆలోచించండి, ఇప్పటి క్లెయిమ్‌కు అది పనికిరాదు.

రెండోది, ఆ 1,30,500లో మళ్లీ 25 శాతం, అంటే 32,625 తీసేయడం. పోట్లాడాల్సింది దీని మీదే.

పాలసీ మొదటి షరతులో ప్రమాదం గురించి ‘వెంటనే’ తెలియజేయాలని ఉంటుంది. కంపెనీ పట్టుకున్నది ఆ మాటనే. కానీ 75 శాతం ఇచ్చి సరిపెట్టే ఈ ‘నాన్ స్టాండర్డ్’ పద్ధతికి కోర్టుల్లో ప్రాచుర్యం వచ్చింది సొంత కారును కిరాయికి తిప్పడం లాంటి షరతుల ఉల్లంఘన కేసుల్లో. 2010లో సుప్రీంకోర్టు ఒప్పుకున్నదీ అలాంటి కేసులోనే. ఆలస్యానికి తగిన కారణముంటే యాంత్రికంగా క్లెయిమ్ తిరస్కరించొద్దని 2011 సెప్టెంబర్ 20న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ సర్క్యులర్ ఇచ్చింది. 2017లో లారీ దొంగతనం కేసులో సుప్రీంకోర్టూ ఇదే ధోరణిలో తీర్పిచ్చింది. అది దొంగతనం కేసు, మీది ప్రమాదమని కంపెనీ వాదిస్తుంది. దానికి జవాబు మీ దగ్గరే ఉంది. వెంటనే చెప్పమనడం సర్వేయర్ దెబ్బలను ఉన్నవి ఉన్నట్టు చూడటానికి. మీ కారును విప్పకముందే చూశానని ఆయన షీటులోనే రాశాడు. ఇంక వాళ్లకు జరిగిన నష్టమేమిటి? వర్క్‌షాప్ వాళ్లు తొందరపడి ముందే విప్పి ఉంటే మీ పరిస్థితి వేరేగా ఉండేది.

కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఈమెయిల్ పెట్టండి. ఫోన్లో మాట్లాడితే రికార్డు మిగలదు. డిశ్చార్జ్ సమ్మరీ, కారును లాక్కొచ్చినందుకు కట్టిన రసీదు, వర్క్‌షాప్ జాబ్ కార్డు, ఫొటోలు జత చేయండి. ఏ షరతు ప్రకారం 25 శాతం కోశారో నంబరుతో సహా రాతపూర్వకంగా అడగండి, సర్వే రిపోర్టు కాపీ అడగండి. తగాదా లేని 97,875 ఇప్పుడే విడుదల చేయమనండి. వోచర్ లేకుండా ఇవ్వబోమని వాళ్లంటే ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాసి సంతకం పెట్టి, అదే రోజు ఆ ముక్క ఈమెయిల్‌లో కూడా చెప్పండి. ఒత్తిడితో పెట్టించిన వోచర్ సంతకం మిగతా సొమ్ము అడిగే హక్కును చంపదని 1999లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఏ అభ్యంతరమూ రాయకుండా పెడితే, ఒత్తిడి జరిగిందని నిరూపించే బరువు మీ నెత్తిన పడుతుంది.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారికి) రాయండి. ఏడాది గడువుంది, ఫీజు లేదు. వకీళ్లకు అక్కడ ప్రవేశం లేదు, ఇంత సొమ్ముకు మీకదే లాభం. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల గడువుంది, ఖమ్మంలోనే వేయొచ్చు. కానీ కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ ముట్టుకోడు, అందుకని ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికే వెళ్లండి.

మీరు అడగని సంగతి ఒకటుంది. ప్యాకేజీ పాలసీ ఉన్న సొంత కారులో ప్రయాణించేవాళ్లకూ బీమా వర్తిస్తుందని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మీ ఆవిడ చేతి గాయానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేరే క్లెయిమ్ వేయొచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి దానికి చట్టం పెట్టిన గడువు ప్రమాదం రోజు నుంచి ఆరు నెలలే, అందులో నెల అప్పుడే గడిచింది. ఎఫ్ఐఆర్ లేకుండా ఆ క్లెయిమ్ నిలబెట్టడం కష్టం. ఎఫ్ఐఆర్ అయితే నిర్లక్ష్యంగా నడిపిన నిందితుడిగా మీ పేరే ఎక్కుతుంది. ఇద్దరూ కూర్చుని ఆలోచించుకోండి. వేద్దామనుకుంటే ఆస్పత్రి ఎంఎల్‌సీ (ప్రమాద గాయాల కేసుగా ఆస్పత్రి నమోదు చేసే మెడికో లీగల్ రికార్డు) కాపీ తీసుకుని, ప్రమాదం ఏ స్టేషన్ పరిధిలో జరిగిందో అక్కడికి ఈ వారంలోనే వెళ్లండి.