ఉప్పునీటి అక్వేరియానికి ఏ టెస్ట్ కిట్లు కొనాలి?

ప్రశ్న: 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం మొదలుపెట్టి 3 వారాలైంది. ప్రస్తుతం అందులో రాళ్లు, ఇసుక మాత్రమే ఉన్నాయి. ముందు రెండు క్లౌన్ చేపలను, ఆరేడు నెలల తర్వాత కొన్ని పగడాలను పెట్టాలని ఉంది. ముంచి తీసే స్ట్రిప్పులు, చుక్కల కిట్లు, డిజిటల్ మీటర్లు అన్నీ చూశాను. అన్నీ ఒకేసారి కొనాలా? మంచినీటి చేపల కోసం గతంలో కొన్న కిట్టు పనికొస్తుందా?

సమాధానం: అన్నీ ఒకేసారి కొనకండి. కిట్లలోని రసాయనాలకు (రీఏజెంట్లకు) గడువు ఉంటుంది కనుక, పగడాల కోసమని ఇప్పుడే కొని పెట్టుకున్న కిట్టు పగడాలు వచ్చేసరికి సగం పాతబడి ఉంటుంది. ఏ కిట్టునైనా చేతిలోకి తీసుకున్నప్పుడు, అది చూపించే అంకెను బట్టి మీరు చేయబోయే పని ఏమిటో ఆలోచించండి. ఏ పనీ తోచకపోతే ఆ కిట్టు అవసరం ఇంకా రాలేదన్నమాట.

మొదటి ఖర్చు లవణీయతను కొలిచే సాధనం మీద పెట్టండి. సముద్రపు నీటిలో ఉప్పు వెయ్యికి సుమారు 35 పాళ్లు. సాపేక్ష సాంద్రతలో చెబితే 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇంచుమించు 1.026. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటరులో ముల్లుకు ఒక చిన్న గాలిబుడగ అంటుకున్నా అది పైకి తేలి, ఉన్నదానికంటే ఎక్కువ ఉప్పు చూపిస్తుంది. నీటిలో కాంతి వంగే తీరును బట్టి ఉప్పును చూపే రిఫ్రాక్టోమీటరు అంతకంటే మేలు. అయితే దాన్ని శుద్ధజలంతో సున్నా దగ్గర సరిచేసి ఊరుకోకుండా, 35 పాళ్ల ప్రామాణిక ద్రావణంతో కూడా సరిచూడాలి. మనం రోజూ చదివేది 35 దగ్గరే కాబట్టి అది నిజం చెప్పవలసిందీ అక్కడే.

చేపలు రాకముందు మీకు కావలసినవి అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ చుక్కల కిట్లు. కొత్త ట్యాంకులో బాక్టీరియా కుదురుకునే కొద్దీ అమ్మోనియా నైట్రైటుగా, నైట్రైట్ నైట్రేటుగా మారుతుంది. సాధారణంగా ఇందుకు 4 నుంచి 6 వారాలు పడుతుంది. వీటిలో అమ్మోనియా విషయంలో ఏమాత్రం రాజీ పడవద్దు. సాధారణంగా కిట్టు చూపేది మొత్తం అమ్మోనియాను. అందులో చేపకు ప్రాణాంతకమైన భాగం నీటి పీహెచ్ పెరిగే కొద్దీ పెరుగుతుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటితో పోలిస్తే, 8.2 దగ్గర ఉండే ఉప్పునీటిలో ఆ భాగం పదిరెట్లకు పైనే ఉంటుంది. అందుకే మంచినీటి ట్యాంకులో పెద్దగా పట్టించుకోని, కొద్దిపాటి అమ్మోనియాకు కిట్టు చూపే లేత ఆకుపచ్చ రంగు ఇక్కడ ప్రమాద సూచన అవుతుంది. నైట్రైట్ సంగతి ఇందుకు తలకిందులు: ఉప్పునీటిలోని క్లోరైడు దాన్ని చేప మొప్పల ద్వారా లోపలికి అంతగా పోనివ్వదు. ట్యాంకు కుదురుకుందో లేదో తెలుసుకోవడానికి ఒక నైట్రైట్ కిట్టు చాలు, అయిపోయిన తర్వాత మళ్లీ కొనకపోయినా ఫరవాలేదు.

మీ పాత కిట్టు పెట్టె మీద అది ఉప్పునీటికి కూడా పనికొస్తుందని రాసి ఉండి, ఉప్పునీటి రంగుపట్టిక విడిగా ఇచ్చి, గడువు ఇంకా మిగిలి ఉంటే నిరభ్యంతరంగా వాడండి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా పక్కన పెట్టండి. ఉప్పునీటిలో అవే చుక్కలు వేరే రంగు తేల్చవచ్చు. ఇక స్ట్రిప్పుల మీద అంకెల మధ్య ఎడం ఎక్కువ, తడి గాలి తగిలితే అవి పాడవుతాయి. ఊరికే ఒకసారి చూసుకోవడానికి సరే గానీ, చేపను ట్యాంకులో వదలాలా వద్దా అన్న నిర్ణయానికి వాటి మీద ఆధారపడవద్దు.

పగడాలు పెట్టే సమయం వచ్చినప్పుడు ముందుగా ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి) కిట్టు కొనండి, ఆ తర్వాతే కాల్షియం, మెగ్నీషియం. పగడం తన అస్థిపంజరాన్ని కట్టుకుంటూ సుమారు 2.8 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) ఆల్కలినిటీని వాడుకునేసరికి, కాల్షియం 20 పీపీఎం (పది లక్షలకు 20 పాళ్లు) మాత్రమే తగ్గుతుంది. కాల్షియం 420 నుంచి 400కు దిగితే చాలా కిట్లు ఆ తేడాను సరిగా పట్టుకోలేవు. 8 డీకేహెచ్ 5.2కు పడిపోవడం మాత్రం ఎవరికైనా కనిపిస్తుంది, పైగా పగడాలను దెబ్బతీసేది కూడా ఆ పతనమే. ఆల్కలినిటీ కిట్టులో రంగుపట్టికతో పని ఉండదు. సిరంజితో చుక్క చుక్కగా వేస్తూ గొట్టాన్ని కలుపుతూ ఉంటే, చాలాసేపు మారని రంగు ఒక్క చుక్కతో మారిపోతుంది; సిరంజిలో అంతవరకు ఖర్చయినదే మీ కొలత.

ప్రశ్న: ఒకే ట్యాంకు నీటిని రెండు కిట్లతో చూస్తే నైట్రేట్ ఒకదానిలో 5, ఇంకొకదానిలో 20కి కొంచెం పైన వచ్చింది. ఏది నమ్మాలి?

సమాధానం: బహుశా రెండూ నిజమే చెబుతున్నాయి. కొన్ని కిట్లు నైట్రేటును నేరుగా చూపిస్తాయి, కొన్ని అందులోని నైట్రోజనును మాత్రమే చూపిస్తాయి. నైట్రోజన్ అంకెను 4.43తో గుణిస్తే నైట్రేట్ వస్తుంది; మీ 5ను గుణిస్తే 22. ముందు రెండు పెట్టెల మీద ప్రమాణం ఏమని ఉందో చదవండి.

ప్రమాణం ఒకటే అయితే, సీసాలు కుదిపే తీరును అనుమానించండి. నైట్రేటును నైట్రైటుగా మార్చి గులాబీ రంగు తేల్చే పొడి కొన్ని కిట్లలో సీసా అడుగున పేరుకుని ఉంటుంది. ఒకప్పుడు నా ట్యాంకులో నాచు గోడలకు పట్టేస్తున్నా కిట్టు కొన్ని వారాలపాటు సున్నాయే చూపించింది; సీసాను తలకిందులు చేసి వెలుతురులో చూస్తే అడుగున తెల్లని ముద్ద గడ్డకట్టి ఉంది. దాన్ని బల్లకు తట్టి వదులు చేసి, చెప్పిన సమయమంతా గట్టిగా కుదిపాక అదే నీరు ముదురు గులాబీకి తిరిగింది. ఇంకో కారణం కూడా ఉంది: పరీక్ష జరిగే తీరే అది కాబట్టి, నీటిలో అప్పటికే నైట్రైట్ ఉంటే నైట్రేట్ అంకె లేనిపోని ఎత్తుకు పోతుంది. కుదురుకోని ట్యాంకులో ఆ అంకెను పట్టించుకోకండి.

అప్పటికీ అనుమానం తీరకపోతే, ఎంత నైట్రేట్ ఉందో ముందే తెలిసిన ప్రామాణిక ద్రావణాన్ని రెండు కిట్లతోనూ పరీక్షించండి. సరిగ్గా చూపిన కిట్టును ఉంచుకుని, ఇకపై అదొక్కటే వాడుతూ, తేదీ వేసి పుస్తకంలో రాసుకోండి. పరీక్షించిన నీటిని తిరిగి ట్యాంకులో పోయకండి. సీసాలను పిల్లలకు అందకుండా ఉంచండి, వాటిలో కొన్నింటిలో గాఢమైన ఆమ్లాలు ఉంటాయి.

ప్రశ్న: డిజిటల్ సాధనం ఒక్కటే కొనగలను. దేనికోసం కొనాలి?

సమాధానం: పగడాల ట్యాంకయితే ఫాస్ఫేట్ కోసం. చాలామంది దాన్ని 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంచుతారు, అక్కడ కిట్టు చూపే లేత నీలాల మధ్య తేడాను కన్ను పట్టలేదు, రంగు గాఢతను కొలిచే, చేతిలో ఇమిడే కలరీమీటరు పట్టగలదు. మీరు కొన్నది ఫాస్ఫరస్‌ను పీపీబీలలో (వంద కోట్లకు ఇన్ని పాళ్లని) చూపేదైతే, అంకెను 3.066తో గుణించి వెయ్యితో భాగించాలి. 20 వస్తే ఫాస్ఫేట్ 0.06 పీపీఎం. పరీక్షించే నీటిని పోసే గాజు సీసా మీద వేలిముద్ర ఉన్నా, లోపల బుడగ ఉన్నా అంకె మారిపోతుంది కనుక ప్రతిసారీ మెత్తని గుడ్డతో తుడిచి, బుడగలు పోయాకే సాధనంలో పెట్టండి.