రుషికొండ ఈత క్రేటర్ లేక్‌లో పనికివస్తుందా?

విశాఖ సముద్రంలో ఈదేవారికి అమెరికాలోని క్రేటర్ లేక్ ఒక లెక్కా, లేక అంత లోతున్న నీటిలో దిగడం ప్రమాదమా అని అడిగారు. రుషికొండ దగ్గర ఇరవై ఏళ్లుగా తెల్లవారుజామున ఈదుతున్న నేను, ఒక ఆగస్టులో, ఆ సరస్సున్న ఆరెగాన్ రాష్ట్రంలో ఉండే మా మేనల్లుడి వెంట ఇదే ధీమాతో అక్కడికి వెళ్లాను.

లోతు గురించి బెంగ అనవసరం. ఆ సరస్సు 594 మీటర్ల లోతున్నా ఈదేవాడికి కావలసింది పైనున్న రెండు మీటర్ల నీరే. మిగిలినది ఫొటో కింద రాసుకోవడానికి పనికివస్తుంది. భయపడవలసింది చలికి. సుమారు 7,700 ఏళ్ల కిందట మజామా అగ్నిపర్వతం పేలి, దాని శిఖరం లోపలికి కుంగిపోగా ఏర్పడిన ఆ గుంటలో ఏ నదీ కలవదు. ఉన్నదంతా వాననీరు, కరిగిన మంచు. మన సముద్రపు నీరు వేసవిలో 28 డిగ్రీలు దాటితే, అక్కడ నడివేసవిలోనూ పైనీరు 15 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. చలి ఆపే రబ్బరు దుస్తులు, అదే వెట్‌సూట్, వేసుకుందామంటే, బయటి జీవులు నీటిలో చేరతాయని అనుమతించరు.

నేను చేసిన తప్పు బండ మీద నుంచి ఒక్కసారిగా దూకడం. మునిగిన క్షణంలోనే గుండెల మీద ఎవరో కూర్చున్నట్లయి, తల పైకి వచ్చాక కూడా ఊపిరి అందక, మేనల్లుణ్ణి పిలవాలన్నా గొంతు పెగలక, నాలుగు బారల దూరంలోని రాతిని పట్టుకోవడమే గగనమైంది. ఆ పక్కనే డెబ్బై ఏళ్లు దాటిన ఒక అమెరికన్ పెద్దావిడ ముందు పాదాలు, తర్వాత మణికట్లు, మెడ తడుపుకొని తాపీగా దిగి ఈదుకుంటూ పోయింది. కార్తీకంలో నూతి దగ్గర మా నాయనమ్మ చేసినదీ అదే! మన కుర్రాళ్లకు మాత్రం దూకితేనే ఈత. రెండోసారి నేనూ అలాగే దిగి పది నిమిషాలు హాయిగా ఈదాను.

తిరుగు ప్రయాణం గురించి ఎవరూ అడగరు. సరస్సు ఒడ్డు నుంచి పైకి వచ్చే క్లీట్‌వుడ్ కోవ్ కాలిబాట 1.7 కిలోమీటర్లే అయినా 213 మీటర్లు ఎక్కాలి. అంటే కైలాసగిరి కంటే ఎక్కువ, అదీ అరకుకు దాదాపు రెట్టింపు ఎత్తున్న చోట, పలచని గాలిలో. ఒడ్డుకు చేరడానికి వేరే దారి లేదు, దాన్ని మరమ్మతులకు కొన్నేళ్లపాటు మూసే పని కూడా పెట్టారు కనుక ముందే కనుక్కోండి. పొడి బట్టలు వెంట తీసుకెళ్లండి. నావి పైన కారులో ఉండిపోయాయి.