రోగులు బాగానే వస్తున్నారు, నెలాఖరుకు ఏమీ మిగలడం లేదు

(జవాబులు: హనుమకొండలో సొంత డెంటల్ క్లినిక్ నడుపుతున్న సీనియర్ దంతవైద్యురాలు)

ప్రశ్న: నమస్తే మేడం. మాది మిర్యాలగూడ. బీడీఎస్ అయ్యాక కొన్నాళ్లు హైదరాబాద్‌లో పనిచేసి, నాలుగేళ్ల కిందట ఇక్కడ సొంత క్లినిక్ పెట్టాను. ఒకటే చెయిర్. ఉదయం 10 నుంచి 1 వరకు, సాయంత్రం 5 నుంచి 9 వరకు ఉంటాను. నిజంగా పని ఉండేది రోజుకు నాలుగు గంటలు. ఉదయం ఖాళీ, సాయంత్రం కూర్చోవడానికి చోటుండదు. నెలకు సుమారు 2,20,000 వసూలవుతుంది. అద్దె, ఇద్దరు స్టాఫ్ జీతాలు, కరెంటు, లోన్ కిస్తీ, రిపేర్లు కలిపి 90,000. మెటీరియల్, ల్యాబ్ బిల్లులు 60,000. పళ్ల వరుస సరిచేసే ఆర్థో, సర్జరీ చేసే విజిటింగ్ డాక్టర్లకు 25,000. మిగిలిన 45,000 ఇంటికే సరిపోతుంది. దవడ పన్ను రూట్ కెనాల్‌కు 3,000, క్యాప్‌కు 3,500 తీసుకుంటాను. ఈమధ్య ఒక కొత్త క్లినిక్ రూట్ కెనాల్ 1,999కే అని ఫ్లెక్సీ కట్టింది. నేనూ తగ్గించాలా? రెండో చెయిర్‌కు బ్యాంకు లోన్ ఇస్తానంటోంది, తీసుకోనా? మా అత్తయ్య మాత్రం వైద్యంలో లాభనష్టాలు చూడకూడదంటారు. టెన్షన్‌గా ఉంది.
– డాక్టర్ ఎస్., మిర్యాలగూడ

జవాబు: అమ్మా, ముందు మీ అత్తయ్యగారి మాట తేల్చుకుందాం. అది మనసులో ఉంటే మిగతా లెక్కలేవీ ముందుకు సాగవు. ఆవిడ భయం నాకు అర్థమవుతుంది. బాగున్న పన్నుకు కూడా క్యాప్ వేయించుకోమన్న చోట్లు ఆవిడ చూసే ఉంటారు. కానీ అలా చెప్పాలని ఏ డాక్టరుకు అనిపిస్తుంది? కిస్తీ తేదీ దగ్గర పడి, గల్లా ఖాళీగా ఉన్న డాక్టరుకు. గంటకు ఖర్చెంతో తెలిసి, ఫీజు ముందే సరిగ్గా పెట్టుకున్న డాక్టరైతే, "ఈ పన్నుకు ఇప్పుడేం అక్కర్లేదమ్మా, ఆరు నెలల తర్వాత ఒకసారి చూపించు" అని నిశ్చింతగా పంపించగలదు. లెక్క నేర్చుకోమని నేను పోరేది అందుకే.

మీరు రాసిన ఖర్చుల్లో ఒకటి లేదు. మీ జీతం. ఆ చెయిర్ దగ్గర మీ బదులు ఇంకో బీడీఎస్‌ను పెడితే ఎంతివ్వాలి? 50,000 అనుకుందాం. అది క్లినిక్ ఖర్చు. ఇంటికి తీసుకెళ్లాల్సింది అదే, మిగిలిందంతా కాదు. ఇంకో పదివేలు పక్కన పెట్టాలి, ఎందుకంటే కంప్రెసర్, ఎక్స్‌రే సెన్సర్ చెప్పి పాడవవు. మీ 90,000కు ఈ రెండూ కలిపితే 1,50,000. రోజుకు నాలుగు గంటల చొప్పున 25 రోజులు పనిచేస్తే 100 గంటలు. అంటే మీ చెయిర్ మీద ఒక గంట పనికి 1,500 పడుతోంది, మెటీరియల్ కాకుండానే. మీ ఊళ్లో ఏ రైస్‌మిల్లు యజమానిని అడిగినా క్వింటా ధాన్యం ఆడించడానికి కరెంటుకెంత, హమాలీకెంత అన్నది టక్కున చెబుతాడు. మనం కూడా అలా చెప్పగలగాలి.

ఇప్పుడు దవడ పన్ను రూట్ కెనాల్ చూడండి. సిట్టింగులన్నీ కలిపి రెండు గంటలనుకుంటే చెయిర్‌కే 3,000. పన్ను లోపలి కాలువ శుభ్రం చేసే ఫైళ్లు, దాన్ని పూడ్చే గట్టా పర్చా, మత్తు ఇంజెక్షన్, ఎక్స్‌రేలు కలిపి ఇంకో 600. మొత్తం 3,600. మీరు తీసుకునేది 3,000. చేసిన ప్రతి దవడ పన్నుకూ 600 మీరే ఎదురు పెడుతున్నారు. క్యాప్‌కు గంట పని 1,500, ల్యాబ్‌కు 900, అచ్చు తీసే మెటీరియల్‌కు 250 అనుకుంటే 2,650 అవుతుంది. మీరు 3,500 తీసుకుంటారు కాబట్టి అక్కడ 850 మిగులుతుంది. రెండూ చేయించుకున్న రోగి దగ్గర ఏదో కొంచెం మిగులుతుంది. నొప్పి తగ్గగానే క్యాప్‌కు రాకుండా ఆగిపోయినవాళ్ల దగ్గర మాత్రం నష్టమే.

ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం, కాసేపు ఇక్కడే ఆగుతాను. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయని దవడ పన్ను ఒకరోజు గట్టిది నమిలితే నిలువునా చీలిపోవచ్చు. అప్పుడు చాలాసార్లు తీసెయ్యడం తప్ప దారుండదు. మూడు సిట్టింగులు కూర్చుని, డబ్బు కట్టి, చివరికి పన్ను పోగొట్టుకున్న రోగి ఇంకెవరికీ మన పేరు చెప్పడు. అందుకే మా క్లినిక్‌లో దవడ పన్నుకు రూట్ కెనాల్, క్యాప్ కలిపి ఒకటే ఫీజు. మొదటి రోజే తెలుగులో కాగితం మీద రాసిస్తాం: ఏ పన్ను, ఎన్ని సిట్టింగులు, మొత్తమెంత, ఏ సిట్టింగుకు ఎంత కట్టాలి. మీ లెక్క ప్రకారం మొత్తం ఖర్చు 6,250, మీరు తీసుకుంటున్నది 6,500. దాన్ని 7,500 చేయండి. సగం మొదటి రోజు, మిగతాది రెండు వాయిదాల్లో. క్యాప్‌కు రాని వాళ్లకు మీ రిసెప్షన్ అమ్మాయి వారం వారం ఫోన్ చేయాలి. ఈ ఒక్క పని వల్ల రోగి పన్నూ నిలుస్తుంది, మీ వసూలూ మారుతుంది.

1,999 ఫ్లెక్సీ విషయం. మీ ఖర్చు ప్రకారం ఆ ధరకు చేస్తే ఒక్కో పన్నుకు 1,600 పోతుంది. ఎక్కువమంది వస్తే ఎక్కువ పోతుంది. తగ్గించకండి. వాళ్ల గురించి రోగి దగ్గర ఒక్క మాట కూడా అనొద్దు. మీ దగ్గర ఏముందో చూపించండి. ఎక్స్‌రే మానిటర్ మీద పెట్టి ఇన్‌ఫెక్షన్ ఎక్కడుందో చూపించండి. ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెట్టి తీసిన పరికరాల పౌచ్‌ను రోగి కళ్ల ముందే చించండి. ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చినా స్టెరిలైజేషన్ జోలికి మాత్రం పోవద్దు.

రెండో చెయిర్ ఇప్పుడు వద్దు. నెలకు 175 గంటలు క్లినిక్ తెరిచి ఉంచి 100 గంటలే పని చేస్తున్నారు. ముందు ఆ 75 గంటల సంగతి చూడండి. ఊళ్ల నుంచి బస్సులో వచ్చేవాళ్లకు పొద్దున్నే నయం, పని ముగించుకుని మధ్యాహ్నానికి ఇంటికి చేరతారు. రూట్ కెనాల్ లాంటి పెద్ద పనులు ఉదయానికి మార్చి, సాయంత్రం చెకప్‌లు, స్కూలు పిల్లలు, క్లీనింగ్ పెట్టుకోండి. సాయంత్రం జనం ఆగిపోవడానికి కారణం చాలా చోట్ల చెయిర్ కాదు, పన్ను తొలిచే హ్యాండ్‌పీస్ ఆటోక్లేవ్‌లోంచి వచ్చేదాకా కాచుకోవడం. ఇంకో రెండు హ్యాండ్‌పీస్‌లు, రెండు మూడు సెట్ల ఇన్‌స్ట్రుమెంట్లు కొనండి. చెయిర్ ఖరీదుతో పోలిస్తే అది చాలా తక్కువ.

మీది సాగర్ ఎడమ కాలువ కింద ఊరు. వడ్లు అమ్మిన డబ్బు చేతికొచ్చినప్పుడు కట్టుడు పళ్లు, క్యాప్‌లు చేయించుకుంటారు. జూన్, జులైలో విత్తనాలు, పిల్లల ఫీజులు వచ్చి పడతాయి, పంటి నొప్పి కూడా మాత్రతో సరిపెడతారు. మంచి నెలలో మిగిలింది ఆ నెలలోనే ఖర్చుపెట్టకుండా, కనీసం మూడు నెలల అద్దె, జీతాలు, కిస్తీ వేరే ఖాతాలో ఉంచండి. ఇంటి ఖాతా, క్లినిక్ ఖాతా విడిగా ఉండాలి. నేను ఒకటో తారీఖున స్టాఫ్‌కు వేసినట్టే నా జీతం నా ఖాతాకు వేసుకుంటాను.

చుట్టాలకు ఉచితం, తెలిసినవాళ్లకు ఉద్దెర అందరికీ ఉండేదే. మానేయమని చెప్పను. పుస్తకంలో మాత్రం పూర్తి ఫీజు రాసి, పక్కన తగ్గించింది రాయండి. పేదవాళ్లకు నెలకు నాలుగు గంటలు అని ముందే అనుకుంటే, 6,000 మీరు మనస్ఫూర్తిగా ఇచ్చినట్టవుతుంది. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ మరకలున్న యువతీయువకులు ఎందరో మీకు తెలుసు. పెళ్లిచూపులకు నోరు మూసుకుని కూర్చునే ఆడపిల్లలను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ నాలుగు గంటలు వాళ్లకు కేటాయించండి. కాంపోజిట్ అనే పంటిరంగు మెటీరియల్‌తో పన్ను మీద వేసే పలుచని పొరలకు, అంటే వెనీర్లకు, ల్యాబ్ బిల్లు ఉండదు, పన్ను కూడా ఎక్కువ అరగదీయక్కర్లేదు.

ప్రభుత్వానికి కట్టే పన్నుల గురించి రెండు మాటలు. వైద్యానికి జీఎస్‌టీ లేదు, కానీ కేవలం అందం కోసం చేసే వాటికి ఆ మినహాయింపు వర్తించకపోవచ్చు. మీ ఏడాది వసూలు 26 లక్షలు దాటుతోంది, సేవలకు రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలు. పళ్లు తెల్లబరిచే వైట్‌నింగ్ మొదలుపెట్టే ముందు ఆడిటర్‌ను అడగండి. అలాగే వసూలులో సగం ఆదాయంగా చూపే సులభ పద్ధతి వాడుతున్నారేమో చూసుకోండి. మీ విషయంలో సగమంటే 13 లక్షల పైమాట. మీకు మిగిలేది అంతకన్నా చాలా తక్కువ. ఖాతా పుస్తకాలు సరిగ్గా రాస్తే అసలు ఆదాయం మీదే పన్ను కట్టొచ్చు. దానికి ఆడిట్ అవసరం కావచ్చు, ఆ ఫీజు కలుపుకుని పోల్చుకోండి.

ప్రశ్న: మా ఊళ్లో రిటైరవుతున్న డాక్టరుగారు తన క్లినిక్ గుడ్‌విల్‌తో సహా అమ్ముతానంటున్నారు. ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: బాబూ, గుడ్‌విల్ అంటే ఆయన రోగులు మీ దగ్గరకు రావడం. అందుకని గత ఏడాది అపాయింట్‌మెంట్ పుస్తకం అడగండి. మళ్లీ మళ్లీ వచ్చిన పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఇంటి ఓనరు మీ పేరు మీద కొత్త అగ్రిమెంటు రాస్తారో లేదో డబ్బివ్వకముందే తేల్చుకోండి. ఎక్స్‌రే మెషీన్‌కు అణుశక్తి నియంత్రణ మండలి రిజిస్ట్రేషన్, బయోమెడికల్ వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం, క్లినిక్ రిజిస్ట్రేషన్ ఉన్నాయా, మీ పేరుకు ఎలా మారతాయో చూడండి. ఏళ్ల తరబడి పని చేసిన చెయిర్‌కు కొత్తదాని ధర కట్టొద్దు. ఆయన కనీసం మూడు నెలలు వారానికి రెండు రోజులైనా వచ్చి రోగులకు మిమ్మల్ని పరిచయం చేయాలి. గుడ్‌విల్ డబ్బులో కొంత ఆ మూడు నెలలు పూర్తయ్యాకే ఇస్తానని ఒప్పందంలో రాయించండి.