చీటీ పాడి కార్డు అప్పు తీర్చండి, మూడు కుక్కలకూ విడిగా ఒక నిధి పెట్టండి

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేటు స్కూలు టీచర్ని, వయసు 38. జీతం చేతికి 48,000 వస్తుంది. 71 ఏళ్ల అమ్మ నాతోనే ఉంటుంది. వీధిలోంచి తెచ్చుకున్న కుక్కలు మూడున్నాయి. రాజుకు కారు గుద్ది వెనక కాళ్లు పడిపోయాయి. బుజ్జి డిస్టెంపర్ (కుక్కలకు వచ్చే వైరస్ జబ్బు) నుంచి బతికింది కానీ ఫిట్స్ మిగిలాయి. గౌరి ముసలిది, కిడ్నీ జబ్బు. వీటికి నెలకు 13,500 అవుతోంది. రాజు ఆపరేషన్‌తో మొదలైన క్రెడిట్ కార్డు బాకీ 86,000కు చేరింది, మినిమం కడుతున్నాను. బ్యాంకులో 40,000 డిపాజిట్ ఉంది. రిజిస్టర్డ్ కంపెనీలో 20 నెలల 2 లక్షల చీటీ 12 నెలలు కట్టాను. అద్దె 11,000, ఇంటి ఖర్చు 14,000. పర్సనల్ లోన్ తీసుకోనా? కుక్కలకు ఇన్సూరెన్స్ ఉంటుందా? స్కూలు గేటు దగ్గర ఒక కన్ను పోయిన కుక్కపిల్ల తిరుగుతోంది, దాన్నీ తెచ్చుకోవాలని ఉంది. ఇల్లు గుల్ల చేస్తున్నానని అమ్మ బాధపడుతోంది.

జవాబు: టీచర్ గారూ, ముందు మీ అమ్మగారికి ఒక మాట చెప్పండి. మీ ఇంటిని గుల్ల చేస్తున్నది కుక్కలు కాదు, ఆ కార్డు. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుందాం. 86,000 మీద నెలకు 3,010 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం సుమారు 3,550. మినిమం 5 శాతం అంటే 4,300. అంటే మీరు కట్టే దాంట్లో అసలుకు వెళ్లేది 750 మాత్రమే. ఇటు అద్దె, ఇంటి ఖర్చు, చీటీ (పాటలో తగ్గిన డబ్బులోంచి మీ వాటాగా వచ్చే డివిడెండ్ పోను 8,500 అనుకుంటే), కుక్కల ఖర్చు కలిపితే 47,000. మిగిలేది వెయ్యి. ఆ వెయ్యితో 4,300 కట్టలేరు కాబట్టి నెలాఖరులో మందుల బిల్లు మళ్లీ కార్డు మీదకే వెళుతోంది.

పర్సనల్ లోన్ వద్దు. వచ్చే నెల చీటీ పాడండి. కమిషన్ 5 శాతం అనుకుంటే, చివరిదాకా ఆగినా మీ చేతికి వచ్చేది 1,90,000. ఇప్పుడు 16,000 తగ్గించి పాడితే 1,84,000 వస్తుంది. ముందే తీసుకున్నందుకు మీకు పోయేది 6,000. ఆగితే ఈ ఎనిమిది నెలల్లో కార్డుకు పోయే వడ్డీ దాదాపు 28,000. పోటీ ఎక్కువై పాట పెరిగినా 30,000 తగ్గింపు దాకా వెళ్లొచ్చు, అప్పటికీ మీకే లాభం. అది దాటితే ఆ నెల వదిలేయండి. జామీను ఎవరిస్తారో, ఏ కాగితాలు అడుగుతారో ఇప్పుడే కంపెనీలో కనుక్కోండి. చాలామందికి పాట దక్కాక ఇక్కడే నెలలు గడిచిపోతాయి. రెండు నెలల్లో దక్కకపోతే, ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకుని కార్డు మూసేయండి, చీటీ రాగానే విడిపించుకోండి.

1,84,000 వచ్చిందనుకుందాం. 86,000 కార్డుకు కట్టి, ఆ కార్డును ఫోన్‌లోంచి, షాపింగ్ యాప్‌ల్లోంచి తీసేయండి. మిగిలిన 98,000లో 50,000 వేరే బ్యాంకు ఖాతాలో కుక్కల కోసం పెట్టండి. 48,000 మీ డిపాజిట్‌తో కలిపితే 88,000. అది మీ ఇద్దరి అత్యవసరాలకు. ఈ రెండూ కలవకూడదు. అర్ధరాత్రి బుజ్జికి ఫిట్స్ ఆగకపోతే ఏ ఖాతా ముట్టుకోవాలో అప్పుడు ఆలోచించే స్థితిలో మీరు ఉండరు.

ఇన్సూరెన్స్ సంగతి. మన దేశంలో కుక్కలకు పాలసీలు ఉన్నాయి, కొన్ని కంపెనీలు వీధి జాతి కుక్కలకూ ఇస్తాయి. కానీ పాలసీ తీసుకునేటప్పటికే ఉన్న జబ్బుకు మామూలుగా డబ్బు రాదు, వయసు పరిమితి కూడా ఉంటుంది. రాజు వెన్నుకు, బుజ్జి ఫిట్స్‌కు, గౌరి కిడ్నీకి ఏదీ వర్తించదు. మీరు కట్టే ప్రీమియం ఆ 50,000 ఖాతాలోకే పోతే మేలు.

మీకు మాత్రం హెల్త్ పాలసీ వెంటనే కావాలి. మీరు పది రోజులు ఆసుపత్రిలో ఉంటే రాజుకు మూత్రం ఎవరు తీయిస్తారు? మీరు నిలబడితేనే ఆ మూడూ నిలబడతాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు. మొదటి ప్రీమియం ఆ 88,000లోంచి కట్టండి. అమ్మగారికి 70 దాటాయి కాబట్టి ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డుకు ఆధార్‌తో దరఖాస్తు చేయించండి. ఏ ఆసుపత్రుల్లో చెల్లుతుందో ముందే చూసుకోండి.

ఇక ఆ 13,500. ఇది అనుకోకుండా వచ్చే ఖర్చు కాదు, అద్దెలాగే ప్రతి నెలా వచ్చేది. కాబట్టి జీతం పడిన రోజే పక్కన పెట్టాలి. మీరు పంపిన లెక్కలో డైపర్లు, ప్యాడ్లకు 3,200, రాజు మూత్ర ఇన్ఫెక్షన్లకు 1,500, ఫిట్స్ మాత్రలకు 900, గౌరి కిడ్నీ తిండికి 4,200, మామూలు తిండికి 2,500, టీకాలకు, పిడుదుల మందుకు 1,200. నన్ను ఆపింది రాజు లెక్క. నడుము కింద పడిపోయిన కుక్కలకు మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు, నిలిచిన మూత్రంలో ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తుంది. వేళకు చేత్తో నొక్కి ఖాళీ చేయించడం డాక్టర్ దగ్గర నేర్చుకోండి. రాజుకు అది కుదురుతుందో లేదో కూడా ఆయనే చెప్పాలి. బాగా చేతికి వస్తే డైపర్లు తగ్గుతాయి, మందులూ తగ్గుతాయి, తడికి ఒరుసుకుని పడే పుండ్లూ తగ్గుతాయి. ఇన్ఫెక్షన్ తిరగబెట్టిన ప్రతిసారీ కొత్త యాంటీబయాటిక్ మార్చే బదులు ఒకసారి మూత్రం కల్చర్ చేయించమని అడగండి. ఆ పరీక్ష ఖరీదుగా కనిపించినా, ఏ మందు పనిచేస్తుందో తేలితే మూడు నెలల వృథా ఆగుతుంది.

ఫిట్స్ మాత్రల దగ్గర పొదుపు చేయకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ముంచుకొస్తాయి. అయితే బుజ్జికి ఇచ్చే మందు మనుషులకు వాడేదే అయితే, మందుల చీటీ మీద జెనరిక్ పేరు రాయించుకుని జన ఔషధి దుకాణంలో అడగండి. డోసు మాత్రం డాక్టర్ చెప్పినంతే. సిరప్ రూపంలో ఇస్తే అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం లేదని చూసుకోండి, కుక్కలకు అది విషం. గౌరి తిండి విషయంలో, ఇంట్లో వండగల ఆహారం సాధ్యమా అని డాక్టర్‌ను అడగండి. భాస్వరం, ప్రోటీన్ ఎంత ఉండాలో రాసివ్వకుండా మీ అంతట మీరు మార్చవద్దు.

పెద్ద పరీక్షలకు, రెండో అభిప్రాయానికి రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి, నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉన్నాయి. వేచి ఉండాల్సి వస్తుంది కాబట్టి సెలవు రోజున కాకుండా, స్కూల్లో సగం రోజు అడిగి పొద్దున్నే వెళ్లండి. ఏపీలో ఉన్నవాళ్లకు తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులున్నాయి. ఇంకో చిన్న విషయం, జంతువుల వైద్యానికి క్లినిక్ తీసుకునే ఫీజు మీద జీఎస్టీ లేదు. కన్సల్టేషన్ మీద పన్ను వేస్తే ఎందుకని అడగండి. మందులకు, తిండికి మాత్రం ఉంటుంది.

కుక్కల కోసం స్నేహితులు మీ ఫోన్‌పేకు పంపుతున్న డబ్బు గురించి కూడా రాశారు. బంధువులు కానివారి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో 50,000 దాటితే మొత్తం మీ ఆదాయంగానే లెక్కకు వస్తుంది. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను పడదు కాబట్టి మీకు నష్టం ఉండకపోవచ్చు, కానీ రిటర్నులో చూపాలి. అంతకంటే మంచిది, పెద్ద బిల్లు వచ్చినప్పుడు క్లినిక్ ఖాతాకే నేరుగా కట్టమనండి. మీ మీద ఎవరూ మాట అనరు. దాతలకు విరాళం మీద పన్ను మినహాయింపు కావాలంటే ఆ ఆమోదం ఉన్న సంస్థకు ఇవ్వాలి, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవారికే. కుక్కల వైద్యానికి మీరు సొంతంగా పెట్టే ఖర్చుకు మాత్రం ఏ మినహాయింపూ లేదు.

ఇప్పుడు కష్టమైన మాట. ప్రతి కుక్కకూ ఒక గరిష్ఠ మొత్తాన్ని, అది బాగున్న రోజునే, డాక్టర్ ఎదుట కూర్చుని రాసుకోవాలి. ముఖ్యంగా గౌరికి. ఈ చికిత్సతో నయమవుతుందా, రోజులు పెరుగుతాయా? పెరిగిన ఆ రోజుల్లో అది తింటుందా, లేచి మీ దగ్గరికి వస్తుందా? ఆరు నెలలకు ఎంతవుతుంది? ఈ మూడూ అడగండి. తినడం మానేసి, నొప్పితో మూలుగుతున్న కుక్కకు చివరి వారంలో 40,000 పోసి మీకు మిగిలేది అప్పు, దానికి మిగిలేది ఇంకో సూది. నొప్పి లేకుండా సాగనంపడం గురించి డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవడం ప్రేమ తక్కువై చేసే పని కాదు.

కన్ను పోయిన కుక్కపిల్లను ఇంటికి తేవద్దు, కానీ వదిలేయనూ వద్దు. మీ మూడు కుక్కల అవసరం జీవితాంతం ఉండేది. దీని అవసరం చాలావరకు ఒక్కసారిది. ఆ కంటి పుండు మానితే ఒక కన్నుతో కుక్క హాయిగా బతుకుతుంది, దత్తత ఇచ్చే అవకాశమూ ఎక్కువ. కుక్కల ఖాతాలోంచి 5,000 దాకా పెట్టి డాక్టర్‌కు చూపించి, టీకాలు వేయించండి. బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థకు ఫోన్ చేయండి, స్కూల్లో పిల్లల తల్లిదండ్రులను అడగండి. టీకాలు పూర్తికాకుండా మాత్రం తాత్కాలికంగా కూడా మీ ఇంట్లోకి తీసుకురావద్దు, గౌరి దాని ఇన్ఫెక్షన్‌ను తట్టుకోలేదు.

ఎనిమిది నెలల తర్వాత నెలనెలా చీటీకి కట్టే డబ్బు చేతిలో మిగులుతుంది. అందులో 4,000 కుక్కల ఖాతాకు, అది లక్షకు చేరేదాకా. మిగిలింది మీ పేరు మీద సిప్‌లో (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే పద్ధతి) వేయండి. మీకు పెన్షన్ లేదని మర్చిపోవద్దు.

చివరిగా ఒక కాగితం. చట్టంలో కుక్క పేరు మీద ఆస్తి రాయలేం. మీకు ఏమైనా అయితే ఈ మూడింటినీ చూసే మనిషి ఎవరో ఇప్పుడే అడిగి ఒప్పించి, వీలునామాలో ఆ మనిషి పేరు మీదే కుక్కల ఖాతా డబ్బు రాయండి. దాంతోపాటు మందుల పట్టిక, రాజుకు మూత్రం తీయించే వేళలు, డాక్టర్ నంబరు ఒక పేజీలో రాసి ఒక కాపీ ఆ మనిషికి, ఒకటి క్లినిక్‌లో ఇచ్చి రండి.