పొద్దు పోదు, పనీ కాదు

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. మాది హనుమకొండ. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో ఏడేళ్లు అకౌంట్స్ చూశాను. ఐదు నెలల కింద ఉద్యోగం పోయింది. భార్య, నాలుగేళ్ల పాపతో అమ్మానాన్నల దగ్గరికి వచ్చేశాను. నా భార్య ఇక్కడే స్కూల్లో టీచర్‌గా చేరింది, పాప కూడా అదే స్కూలు. రాత్రి రెండింటి దాకా ఫోన్లో ఉద్యోగాలు వెతుకుతాను. పొద్దున మెలకువ వచ్చినా, వాళ్లిద్దరూ వెళ్లిపోయి గేటు చప్పుడు వినిపించే దాకా దుప్పట్లోనే ఉంటాను. తర్వాత పగలంతా ఇంటి పనులకు తిరగడమే. ‘ఖాళీగనే ఉన్నవ్ గదా’ అంటారు. ఉదయం ఐదు నుంచి రాత్రి పది దాకా టైంటేబుల్ రాసి గోడకు అంటించాను, మూడో రోజుకే తప్పింది. పొద్దు పోదు, పనీ కాదు. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం చదువుతూ ఆ గేటు చప్పుడు దగ్గర ఆగిపోయాను. మెలకువతో దుప్పట్లో ఉండటాన్ని నిద్ర అనరు, మొహం చాటేయడం అంటారు. భార్య టిఫిన్ డబ్బా సర్దుకుని పనికి పోతుంటే ఎదురుపడటానికి మనసొప్పడం లేదు. ఉద్యోగం పోయిన మగవాళ్లలో ఈ సిగ్గును చాలామందిలో చూశాను. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అనుకుంటారు. కొన్నాళ్లకు మనమూ అదే నమ్ముతాం. మీరు బద్ధకస్తులైతే ఏడేళ్లు లెక్కలు చూసేవారే కాదు.

1930 ప్రాంతంలో ఆస్ట్రియాలోని మారియంటాల్ అనే చిన్న ఊళ్లో బట్టల మిల్లు మూతపడి, ఊరు ఊరంతా పని లేకుండా పోయింది. మేరీ యహోడా అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు అక్కడికి వెళ్లి జనం రోజు ఎలా గడుస్తోందో చూశారు. చేతినిండా టైం ఉంది, గ్రంథాలయం చందా కూడా తీసేశారు. అయినా పుస్తకాలు తీసుకెళ్లడం బాగా తగ్గిపోయింది. వీధిలో మగవాళ్ల నడక కూడా ఆడవాళ్ల కంటే నెమ్మదించింది. ఆడవాళ్లకు వంట, పిల్లలు, బట్టలు ఉన్నాయి కాబట్టి వాళ్ల రోజుకు ఒక వరస మిగిలింది. అది చదివినప్పుడల్లా నాకు 1934లో వరంగల్‌లో పెట్టిన మన ఆజం జాహి మిల్లు గుర్తొస్తుంది. షిఫ్టు ప్రకారం లేచి, షిఫ్టు ప్రకారం తిన్న ఇళ్లు దాని చుట్టూ ఎన్నో ఉండేవి. మిల్లు మూతపడ్డాక పొద్దు ఎలా గడిచిందో ఆ పెద్దవాళ్లను అడిగి చూడండి, మీ కష్టం మీ ఒక్కరిదే కాదని తెలుస్తుంది. జీతంతో పాటు రోజుకు ఉండే మొదలు, చివర కూడా పోతాయి. మీకు జరిగింది అదే.

అందుకే ఆ టైంటేబుల్ గోడ మీద నుంచి తీసేయండి. పదిహేడు గంటలు నింపాలని చూస్తే ఎవరికైనా తప్పుతుంది. రెండే రెండు టైంలు పట్టుకోండి. మొదటిది, గేటు తెరుచుకోకముందే లేవడం. పాప బూట్లు మీరే తొడగండి, గేటు దాకా వెళ్లి పంపండి. రెండోది, ఉద్యోగం పని తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి పన్నెండున్నరకు ఆపేయడం. ఆపడం కూడా మొదలుపెట్టడమంత ముఖ్యం. రాత్రి రెండింటికి నౌక్రీ, లింక్డ్‌ఇన్ చూస్తూ పోతుంటే వెతుకుతున్నట్టే ఉంటుంది గానీ, టెన్షన్ తప్ప చేతికి ఏమీ రాదు. పైగా ఆ నిద్ర చాలకే మర్నాడు పొద్దున మళ్లీ దుప్పటి.

ఆ మూడు గంటలు వీలైతే ఇంట్లో కూర్చోకండి. గ్రంథాలయానికి వెళ్లండి. పోటీ పరీక్షలకు చదివే పిల్లల మధ్య కూర్చుంటే మనకూ చదవబుద్ధవుతుంది. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఏ కంపెనీకి పంపారు, ఎవరితో మాట్లాడారు, మళ్లీ ఎప్పుడు అడగాలి అన్నది తేదీలతో రాయండి. లెక్కల మనిషి మీరు, ఇది మీకు చెప్పక్కర్లేదు. వంద చోట్లకు ఒకే బయోడేటా పంపే బదులు రోజుకు రెండింటికి, ఆ ఉద్యోగానికి తగ్గట్టు మార్చి పంపండి. రోజుకు ఒక్కరికైనా, పాత ఆఫీసులో తెలిసినవాళ్లకు ఫోన్ చేయండి. సిగ్గుతో అందరూ వాయిదా వేసేది ఇదే, ఎక్కువగా పనికొచ్చేదీ ఇదే. పదిహేను రోజులకోసారి కాజీపేటలో రైలెక్కితే రెండు గంటల్లో సికింద్రాబాద్. ఇద్దరు ముగ్గురిని కలిసి రండి.

ఇక ‘ఖాళీగనే ఉన్నవ్ గదా’ సంగతి. గ్యాస్ సిలిండర్, గిర్నీకి పోవడం, కరెంటు బిల్లు, నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్లడం, చుట్టాల పెళ్లికార్డులు పంచడం... వీటిలో తప్పు పనేమీ లేదు. పన్నెండున్నర తర్వాత చేస్తానని అమ్మకు నెమ్మదిగా చెప్పండి. మొదటి వారం ఆమెకు కష్టంగానే ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. సాయంత్రం పాపతో భద్రకాళి చెరువు వైపు నడవండి. పన్నెండున్నర దాకా మీ పని మీరు చేశారు కాబట్టి, ఆ నడక దొంగతనంగా అనిపించదు.

గ్రూప్స్‌కు ప్రిపేర్ అవ్వమని చుట్టాలు చెబుతూనే ఉంటారు. ఇష్టం ఉంటే దానికే పూర్తిగా దిగండి, అదీ మీ భార్యతో కూర్చుని, ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుందో లెక్క వేసుకున్నాకే. చుట్టాల నోరు మూయించడానికి మాత్రం ఆ పుస్తకాలు కొనకండి.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు నిలవకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి, లేదా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్. ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు.

చివరగా, మెలకువగానే దుప్పట్లో ఉంటున్న సంగతి మీ భార్యకు తెలియదనుకుంటున్నారు. ఆమెకు తెలిసే ఉంటుంది. ఈ ఆదివారం మీరే చెప్పండి. ఆమె ఏమన్నదో నాకు రాయండి.