ఒకే గాటన ఏ కార్లను కట్టాలి?

చిరంజీవి చిన్నాకి,

బాబాయి ఆశీస్సులు. అసెట్టో కోర్సా అనే కంప్యూటర్ రేసింగ్ గేమ్‌లో మీ లీగ్ కోసం కార్లను గ్రూపులు చేసిన షీటు చూశాను. హార్స్‌పవర్‌ని బరువుతో భాగించి, వచ్చిన అంకెల వరసలో పేర్చేశావు. ఆ లెక్కలో టైరు లేదు, డౌన్‌ఫోర్స్ (గాలి కారుని నేలకి అదిమే బలం) లేదు, బ్రేకులు లేవు. లోటస్ 49 సంగతే చూడు. 500 కిలోల బరువు, 400 హార్స్‌పవర్. నీ లెక్కన జీటీ3 కారుకి (రోడ్డు స్పోర్ట్స్ కార్లను రేసు కోసం మలిచిన క్లాస్) రెట్టింపు ఉంటుంది. కానీ అది 1967 నాటి బండి, వింగు (కారుని కిందికి అదిమే రెక్క) లేదు, టైర్లు ఆనాటివి. స్ట్రెయిట్‌లో ఎంత ఉరికినా మలుపు దగ్గర జీటీ3 దాన్ని లాగి పక్కన పెడుతుంది. ఈ రెంటినీ ఒకే గాటన కడితే రేసు ఉండదు, గుద్దుకోవడం ఉంటుంది.

కాబట్టి మొదటి కోత టైరు దగ్గర పెట్టు. స్లిక్కులు (గాడులు లేని నున్నటి రేసు టైర్లు) ఒక పక్క, రోడ్డు టైర్లు, సెమీ స్లిక్కులు (కొద్దిగా గాడులున్నవి) ఇంకో పక్క, పాతకాలం టైర్లు వేరే. తర్వాత స్లిక్కుల్లోనే వింగులున్నవీ లేనివీ విడదీయి. అబార్త్ 500 రేస్ కారు, జీటీ3 రెండూ స్లిక్కుల మీదే నడిచినా బంధువులు కావు. నీ పవర్ లెక్క పనికొచ్చేది ఈ రెండు కోతల తర్వాతే.

ఇక అసలు పని ల్యాప్ టైములు కొలవడం. మూడు ట్రాకులు చాలు, కానీ మూడూ మూడు రకాలుగా ఉండాలి. మోంజా 5.793 కి.మీ., అంతా స్ట్రెయిట్ల మయం. ముజెల్లో 5.245 కి.మీ., పొడవాటి వేగమైన మలుపులు. మాజ్యోనే రెండున్నర కిలోమీటర్లే, ఊపిరి తీసుకోనివ్వదు. ఒక్క మోంజాలోనే కొలిస్తే లావు ఇంజిన్ ఉన్న కారు అన్యాయంగా గొప్పదైపోతుంది.

కొలిచేటప్పుడు అన్ని కార్లకూ ఒకే ఎండ, ఒకే రోడ్డు ఉండాలి. గాలి 26 డిగ్రీలు పెట్టు, ట్రాక్ గ్రిప్ 98 శాతం దగ్గర కదలకుండా కట్టేయి, ఇంధనం 30 లీటర్లు, టైరు మీడియం. డిఫాల్ట్ సెటప్‌తో, అంటే గేమ్ ఇచ్చిన అమరికతో, పోల్చకు. కొన్ని కార్ల డిఫాల్ట్ బాగానే కుదురుతుంది, కొన్నిటిది మరీ మొద్దుగా ఉంటుంది. మొద్దు సెటప్ ఉన్న కారుని నిదానం అనుకుని వదిలేస్తావు, సీజన్ రెండో వారానికి ఎవడో దాని సెటప్ తిప్పి అందరినీ ఊడ్చేస్తాడు. కనీసం టైరు ప్రెషర్లు, వింగు, బ్రేక్ బయాస్ (ముందు, వెనక చక్రాలకి బ్రేకు పంపకం) సరిచేసి, ఆ సెటప్‌ని ఆ కారుకి ఖాయం చేసి తోలించు.

ముగ్గురు డ్రైవర్లు కావాలి. ఒకడు వేగంగా తోలేవాడు, ఇద్దరు మామూలువాళ్లు. ఒక్కొక్కరు ఒక్కో కారులో 10 ల్యాపులు. మొదటి రెండూ టైరు వేడెక్కడానికి పోతాయి, మిగిలిన ఎనిమిదిలో మంచివి ఐదు తీసి సగటు కట్టు. ఆ ఐదింటి మధ్య 0.4 సెకను కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ అంకె నమ్మకు, మళ్లీ తోలించు. ఒకే ఒక్క మెరుపు ల్యాప్ చూసి లెక్క కట్టడమంటే పప్పులో కాలేయడమే.

ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతొకటి ఉంది. తోలేకొద్దీ డ్రైవరుకి ట్రాక్ అలవాటై, చివర ఎక్కిన కారు ఎప్పుడూ వేగంగా కనిపిస్తుంది. అందుకని ఒక కారుని కొలబద్దగా పెట్టుకో. బీఎండబ్ల్యూ జెడ్4 జీటీ3 అనుకుందాం. ప్రతి డ్రైవరూ దాన్ని మొదట ఒకసారి, ఆఖర్న ఒకసారి తోలాలి. రెండు సగటుల మధ్య తేడా అతను ఆ పూట నేర్చుకున్నది. మధ్యలో తోలిన కార్ల టైముల్లోంచి దాన్ని వంతులవారీగా సర్దెయ్. ఆ తర్వాత షీట్లో రాయాల్సింది టైము కాదు, జెడ్4 కంటే ఎంత శాతం తక్కువో ఎక్కువో. అప్పుడు వేగంగా తోలేవాడి అంకె, నిదానస్తుడి అంకె ఒకే భాష మాట్లాడతాయి. ముగ్గురి శాతాల్లో నడిమిది తీసుకో.

మూడు ట్రాకుల సగటు మీద కొలబద్దకి అటూ ఇటూ 1.5 శాతం లోపు ఉన్నవి ఒక గ్రూపు. అంటే 110 సెకన్ల ల్యాప్‌కి 1.65 సెకన్లు. అంతకు మించితే సర్దుబాటుతో కుదరదు, పక్క గ్రూపుకి పంపు. 100 కిలోలు మోయించి ఎలాగోలా సరిపెడదాం అనుకోకు. అంత బరువుతో ల్యాప్ టైము కుదిరినా పది ల్యాపులకి ముందు టైర్లు చచ్చిపోతాయి, బ్రేకింగ్ దూరం పెరిగి వెనకవాడు వచ్చి గుద్దుతాడు.

గ్రూపు లోపల సర్దడానికి నీ చేతిలో ఉన్నవి రెండు: బ్యాలస్ట్ (అదనపు బరువు), రెస్ట్రిక్టర్. రెండూ కారుని నిదానం చేసేవే, అయితే పనిచేసే చోట్లు వేరు. బరువు మలుపులో, బ్రేకింగ్‌లో, మలుపు నుంచి బయటపడేటప్పుడు దెబ్బ కొడుతుంది. రెస్ట్రిక్టర్ ఇంజిన్‌కి గాలి తగ్గిస్తుంది కాబట్టి దాని దెబ్బ పొడవాటి స్ట్రెయిట్ చివర తెలుస్తుంది. గేమ్‌లో రెస్ట్రిక్టర్ 20 అంటే 20 శాతం పవర్ పోయిందని కాదు. ప్రతి కారుకీ వేరుగా కొలవాల్సిందే, టర్బో ఉన్నదానికీ లేనిదానికీ ఒకేలా ఉండదు. ఫెరారీ 488 జీటీ3, నిస్సాన్ జీటీఆర్ టర్బోలు. లంబోర్గినీ హురకాన్, ఆడీ ఆర్8 టర్బో లేని వీ10లు. అసలు జీటీ3 రేసుల్లో కూడా టర్బో కార్లను బూస్ట్ ప్రెషర్‌తో (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) అదుపు చేస్తారు, గాలి కంతతో కాదు. 2006లో మొదలైన ఆ క్లాస్ బతుకంతా ఈ తూకం మీదే నడుస్తోంది.

దగ్గరగా ఒక లెక్క చూపిస్తాను. అంకెలు ఊహించినవే. మోంజాలో రెండు కార్లూ 1:49.0 తోలుతున్నాయి. షీట్లో తేడా సున్నా. కానీ మెయిన్ స్ట్రెయిట్ చివర మొదటిది గంటకి 268 కి.మీ., రెండోది 259. రెండోది లెస్మో, అస్కారి మలుపుల్లో ఆ లోటంతా పూడ్చుకుంటోంది. ఒంటరిగా తోలితే సమానమే. రేసులో మొదటిది ముందుంటే రెండోది మలుపులో దాని బంపర్‌కి అతుక్కుంటుంది, తన వేగం వాడుకోలేదు. స్ట్రెయిట్‌లో ముందుది మళ్లీ జారిపోతుంది. 20 ల్యాపులూ ఇదే తంతు. అప్పుడు మొదటి కారుకి బరువు పెంచితే జబ్బు ముదురుతుంది. దానిమీద అప్పటికే 30 కిలోలుంటే 20 తీసెయ్, బదులుగా రెస్ట్రిక్టర్ బిగించు. గాలిని చీల్చడానికి కావాల్సిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టి 5 శాతం పవర్ తగ్గితే 260 దగ్గర పోయేది నాలుగైదు కిలోమీటర్లే. ఆ లెక్కతో మొదలుపెట్టి, తోలి సరిచూడు. ల్యాప్ టైముల తేడా 0.3 శాతం లోపు, స్ట్రెయిట్ చివరి వేగం తేడా 5 కి.మీ. లోపు, ఈ రెండూ కలిసి కుదిరినప్పుడే గ్రూపు కుదిరినట్టు.

ఎంత బరువుకి ఎంత టైము అన్నది కొలిచే తెలుసుకో. సున్నాతో ఒకసారి, 40 కిలోలతో ఒకసారి తోలితే చాలు. 0.6 సెకను తేడా వస్తే 10 కిలోలకి 0.15.

అన్నీ అయ్యాక 15 ల్యాపుల పరీక్ష ఒకటి మిగులుతుంది. మోడ్ కార్లు (గేమ్‌తో రాకుండా బయటివాళ్లు తయారుచేసి కలిపినవి) దొరికిపోయేది ఇక్కడే. కొన్నిటికి టైరు అరగనే అరగదు. అలాంటిదాన్ని బరువుతో సర్దాలని చూడకు, లిస్టులోంచి తీసెయ్.

రెండు గ్రూపులు ఒకే రేసులో దిగితే వాటి మధ్య 2, 3 శాతం తేడా మాత్రం పెట్టకు. పై గ్రూపులో నిదానస్తులు, కింది గ్రూపులో చురుకైనవాళ్లు కలిసిపోయి మొదటి మలుపులోనే కుప్ప పడుతుంది. 7, 8 శాతం ఉండాలి. కింది కారు ల్యాప్ 110 సెకన్లు, పై కారుది 102 అయితే, అందరూ ఒకేసారి బయల్దేరినా పద్నాలుగో ల్యాప్‌కి కానీ వెనకనుంచి వచ్చి కలవరు. స్టార్ట్ వేరువేరుగా, పై గ్రూపు ముందు, 30 సెకన్ల ఎడంతో ఇవ్వు. అప్పుడు ఆ కలవడం పదో ల్యాప్ దగ్గరికి వస్తుంది.

గెలిచినవాడికి బరువు ఎక్కించే పద్ధతి కావాలంటే పెట్టుకో, మొదటివాడికి 15 కిలోలు, తర్వాత 10, 5. కానీ అది డ్రైవరు బరువు, కారు బరువు కాదు. సర్వర్ ఎంట్రీ లిస్టులో (ఎవరికి ఏ కారో రాసే ఫైల్) ఒక్కో స్లాట్‌కి బ్యాలస్ట్ గడి ఒకటే ఉంటుంది, రెండూ కలిపి రాయక తప్పదు. నీ షీట్లో మాత్రం రెండు కాలమ్‌లు ఉంచు. లేకపోతే మూడు రేసుల తర్వాత ఏ బరువు ఎందుకు వేశావో నీకే తెలియదు. ఒక రేసు ఫలితం చూసి కారు తూకం మార్చకు, కనీసం నాలుగు రేసులు కానీ. పరీక్షలో కావాలని నిదానంగా తోలేవాళ్లు ఎలాగూ ఉంటారు. రేసులో ఎవడైనా తన పరీక్ష సగటు కంటే 1 శాతం మించి వేగంగా తోలితే ఆ కారుని మళ్లీ కొలుస్తామని ముందే చెప్పేయి.

ఆ ఎంట్రీ లిస్టు ఫైల్ మార్చాక సర్వర్ ఆపి మళ్లీ స్టార్ట్ చెయ్యి, లేదంటే పాత బరువులతోనే నడుస్తుంది. కొత్త షీటు తయారయ్యాక పంపు. మోంజా స్పీడ్ల కాలమ్ ఖాళీగా ఉంటే తిప్పి పంపేస్తాను.

ఉంటాను,
బాబాయి